పేలుడు వెండి - ఆచార్య లీబిగ్ జీవితము

ప్రతి సంవత్సరము మా కళాశాల రసాయన ప్రయోగశాలలో ఆల్డిహైడుల పరీక్ష వచ్చినదనగానే విద్యార్థులకు ఒక ఉత్సాహము. అంతవరకు పొగలు, వాసనలు, రంగు మారిన ద్రావణములు తప్ప వేరు ఎరుగని కన్నులకు ఆనాడు పరీక్షనాళిక లోపలి గోడమీద వెండి అద్దము ఏర్పడుట కనిపించును. ఒకరి నాళికలో ఒకరు ముఖము చూచుకొందురు. ఆ సంబరము ముగియకముందే మేము ఒక హెచ్చరిక చేయుచుందుము. అమ్మోనియా కలిసిన ఈ వెండి ద్రావణమును అప్పటికప్పుడు సిద్ధము చేసికొనవలెను. పని తీరగానే ఆమ్లము చేర్చి పారబోయవలెను. మిగిలినది కదా అని సీసాలో పోసి రేపటికి దాచరాదు. దాచిన ద్రావణములో నల్లని మడ్డి దిగును. అది ఎండినప్పుడు పుల్లతో తాకినను పేలును. ఒక్కొక్కసారి తడిగా ఉండగనే పేలును.

ఎందుకు పేలునని అడుగు విద్యార్థి ప్రతి తరగతిలోను ఒకరైనను ఉందురు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ఒక గంట చాలదు గనుక ఈ సంచికలో కొన్ని పుటలు అడిగి తీసికొన్నాము. ఆ సమాధానము ఒక మనిషి జీవితముతో పెనవేసికొని ఉన్నది. ఆల్డిహైడుతో వెండి అద్దము ఏర్పడుటను 1835లో గమనించినవాడును, అంతకు పన్నెండేండ్ల ముందే పేలుడు వెండి లవణమును తూచి, కొలిచి, అందులో ఏమున్నదో లోకమునకు చెప్పినవాడును ఒక్కడే. ఆయన యూస్టుస్ లీబిగ్. మన విద్యార్థులు ఆయన పేరును లీబిగ్ కండెన్సరు వలన ఎరుగుదురు. విచిత్రమేమనగా ఆ పరికరము ఆయన కనిపెట్టినది కాదు. అంతకుముందే ఉన్నదానిని ఆయన వాడుకలోనికి తెచ్చినాడు. ఆయనకు నిజముగా చెందవలసిన కీర్తి మరొకచోట ఉన్నది.

లీబిగ్ 1803 మే 12న జర్మనీలోని డార్మ్‌స్టాట్ పట్టణమున జన్మించినాడు. తండ్రి రంగులు, వార్నీషులు, రసాయన ద్రవ్యములు అమ్ము సామాన్య వర్తకుడు. అమ్మెడి సరుకులో కొంత తానే తయారుచేసికొనెడివాడు. ఆ గదియే బాలునికి మొదటి పాఠశాల. పట్టణములోని ప్రభువుల గ్రంథాలయమున రసాయనశాస్త్ర గ్రంథములు ఉండెడివి. బాలుడు వాటిని ఎంచి చదువలేదు. బీరువాలో ఏ వరుసన ఉన్నవో ఆ వరుసనే చదువుకొంటూ పోయినాడు. అందులో సగము అర్థమైనదో లేదో గాని, చెప్పిన ప్రతి ప్రయోగమును చేతితో చేసి చూడవలెనను పట్టుదల మాత్రము కలిగినది. ఒకే ప్రయోగమును మరల మరల చేసి, వస్తువుల రంగును, వాసనను, ఆకారమును కంటికి అలవాటు చేసికొన్నానని ఆయన తరువాతి కాలమున తన జీవిత విశేషములలో వ్రాసికొన్నాడు.

ఆ కంటి అలవాటే సంతలో ఒకనాడు అక్కరకు వచ్చినది. ఊరూరు తిరిగి సరుకులమ్ము ఒక వర్తకుడు డార్మ్‌స్టాట్ సంతలో చిన్న చిన్న టపాకాయలు చేసి అమ్ముచున్నాడు. వాటిలో ఉన్నది పేలుడు వెండి. చుట్టు చేరిన పిల్లలకు శబ్దము కావలెను. లీబిగ్ బాలుడు మాత్రము ఆ వర్తకుని చేతులను చూచుచు నిలిచినాడు. ఏ ద్రవము ఎట్టి పొగ లేపినది, దేనికి ఏ వాసన ఉన్నది అను గురుతులతోనే అతడు వాడిన ద్రవ్యములేవో పోల్చుకొని, ఇంటికి వచ్చి తానును చేయుట నేర్చుకొన్నాడు. ఇది మెచ్చుకొనదగిన చురుకుదనమే గాని అనుకరింపదగిన పని కాదని మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ వయస్సున ఆ బాలునికి వ్రేళ్ళు, కన్నులు మిగులుట అదృష్టమనియే మేము తలంతుము.

ఇక్కడ ఆ లవణముల పూర్వకథ కొంత చెప్పవలెను. 1788లో ఫ్రాన్సు దేశపు బెర్తోలే వెండికి అమ్మోనియా తోడైనప్పుడు పుట్టు ఒక పేలుడు పదార్థమును వర్ణించినాడు. మన ప్రయోగశాలలో భయపడవలసిన నల్లని మడ్డి దాని జాతిదే; అందు వెండియు నత్రజనియు ఉండును. 1800లో ఇంగ్లండులో హోవర్డ్ అను ఆయన పాదరసముతో వేరొక పేలుడు లవణమును చేసి, దాని మూలమున గాయపడినాడు. రెండేండ్ల తరువాత ఇటలీలో బ్రున్యతెల్లి దాని వంటిదే వెండితో చేసినాడు. ఈ రెండవ జాతి లవణములకు ఫల్మినేట్లని పేరు. లాటిన్ భాషలో ఆ మాట పిడుగునుండి వచ్చినది. బెర్తోలే వెండియు, బ్రున్యతెల్లి వెండియు వేరువేరు వస్తువులు. ఆ కాలపు గ్రంథములలో రెండింటికి ఇంచుమించు ఒకే పేరుండుట వలన చదువరులు నేటికిని పొరపడుచుందురు. సంతలోని వర్తకుడు చేసినది రెండవది.

మరల బాలుని కథకు వత్తము. బడిలో అతడు వెనుకబడినవాడు. లాటిన్, గ్రీకు పాఠములు నోటికి రాలేదు. ఒకనాడు ఉపాధ్యాయుడు మందలించుచు, పెద్దవాడవై ఏమి కాగలవని అడిగినప్పుడు, రసాయనశాస్త్రవేత్తను కాగలనని బదులు చెప్పినాడు. తరగతి అంతయు నవ్వినది, ఉపాధ్యాయుడును నవ్వినాడు. అది ఒక వృత్తి అని గాని, చదువదగిన విద్య అని గాని నాడు ఎవ్వరును తలంపలేదు. ఈ మాట మన ఉర్దూ మిత్రులకు సులభముగా బోధపడును. ఐరోపా భాషలలోని కెమిస్ట్రీ అను పదము అరబ్బీలోని అల్ కీమియా నుండి వచ్చినదే. ఉర్దూలో కీమియాగర్ అనిన వెంటనే ఇత్తడిని బంగారము చేయబూనిన మనిషి మన కన్నులకు కట్టును గదా. డార్మ్‌స్టాట్ తరగతిలో ఆనాడు నవ్విన పిల్లల మనస్సులోనూ అట్టి బొమ్మయే మెదలి ఉండును.

1817లో తండ్రి అతనిని హెప్పెన్‌హైమ్ అను ఊరిలో ఒక ఔషధశాలలో పని నేర్చుకొనుటకు చేర్చినాడు. నెలలు గడిచినవో లేదో బాలుడు ఇంటికి తిరిగి వచ్చినాడు. పై అంతస్తు గదిలో పేలుడు వెండితో చేసిన ప్రయోగము వికటించి కిటికీ ఎగిరిపోయినదనియు, యజమాని సాగనంపినాడనియు కథ ప్రసిద్ధము. కాని తండ్రి శిక్షణ రుసుము చెల్లింపలేకపోవుటయే అసలు కారణమని చరిత్రకారులు చెప్పుదురు. పేలుడు కథ వినుటకు రుచిగా ఉండును. రుసుము కట్టలేని పేదరికము ఎవ్వరికి రుచింపదు. మా కళాశాలలో ప్రతి జూను నెలలోను ఆ రెండవ కథనే చూచుచున్న వారము గనుక మేము చరిత్రకారుల మాటనే నమ్ముచున్నాము.

1820లో ఆచార్య కాస్ట్నర్ ఆదరణతో లీబిగ్ బాన్ విశ్వవిద్యాలయమున చేరినాడు. మరుసటి యేడు గురువు వెంట ఎర్లాంగెన్‌కు వెళ్ళినాడు. అక్కడ విద్యార్థి సంఘముల అలజడిలో తలదూర్చి 1822లో ఆ ఊరు విడువవలసి వచ్చినది. అదే సంవత్సరము పేలుడు వెండిని గూర్చి ఆయన మొదటి వ్యాసము అచ్చయినది. కాస్ట్నర్ పాఠములు విశాలముగా ఉండెడివి గాని, ఒక ఖనిజమును విశ్లేషించు పద్ధతిని ఆయన చేసి చూపలేకపోయినాడు. నిజమైన విద్య పారిస్‌లో ఉన్నదని శిష్యునికి తెలిసిపోయినది. హెస్సె ప్రభువు లుడ్‌విగ్ వేతనమిచ్చి 1822 చివరను అతనిని పారిస్‌కు పంపినాడు.

1823 జూలై 28న పారిస్ విజ్ఞాన పరిషత్తులో పేలుడు లవణములను గూర్చి లీబిగ్ వ్రాసిన పత్రము చదువబడినది. సభ ముగిసినది. ఇరువదేండ్ల పరదేశి విద్యార్థి తాను తెచ్చిన నమూనాలను సర్దుకొనుచున్నాడు. సభ్యులలో నుండి ఒక పెద్దమనిషి దగ్గరకు వచ్చి, నీ చదువేమి, ముందు సంకల్పమేమి అని ఆప్యాయముగా విచారించి వెళ్ళినాడు. మీరెవరని అడుగుటకు లీబిగ్‌కు సంకోచము అడ్డము వచ్చినది. ఆ పెద్దమనిషి దక్షిణ అమెరికా అడవులు తిరిగి వచ్చిన జగత్ప్రసిద్ధ యాత్రికుడు, శాస్త్రవేత్త అలెగ్జాండర్ హంబోల్ట్. ఆ సంభాషణతో గే-లుసాక్ ప్రయోగశాల తలుపులు లీబిగ్‌కు తెరచుకొన్నవి. సాధారణముగా గే-లుసాక్ శిష్యులను చేర్చుకొనెడివాడు కాడు. ఈ ఉపకారమును లీబిగ్ మరువలేదు. 1840లో వెలువడిన తన వ్యవసాయ రసాయన గ్రంథమును హంబోల్ట్‌కే అంకితమిచ్చి, అంకిత పత్రమున ఈ సంఘటననంతయు చెప్పినాడు.

గే-లుసాక్‌తో కలిసి చేసిన పని ఎంత కష్టమైనదో నేటి విద్యార్థి ఊహించుకొనవలెను. ఒక పదార్థములో ఏ మూలకము ఎంత ఉన్నదో తెలియవలెనన్నచో దానిని తూచవలెను, నూరవలెను, వేడిచేయవలెను. ఫల్మినేటు విషయమున ఈ మూడును ప్రమాదకరమే. గోరుతో గీరినను, నిప్పురవ్వ తగిలినను, కొంచెము ఎక్కువగా ప్రోగుపడినను అది మనిషికి తూచుటకు వ్యవధి ఇవ్వదు. అందుచేత అత్యల్ప పరిమాణమును తీసికొని, రాగి ఆక్సైడుతో కలిపి పలుచన చేసి, పేలనీయకుండ దహించి, వచ్చిన వాయువులను కొలిచినారు. 1824లో ఫలితము తేలినది. వెండి, కర్బనము, నత్రజని, ఆమ్లజని - ఇవి నాలుగే అందులో ఉన్నవి. వెండిని ఆక్సైడుగా లెక్కించినచో నూటికి 77.5 పాళ్ళు. పని బాగుగా సాగినప్పుడు గే-లుసాక్ శిష్యుని పట్టుకొని ప్రయోగశాలలోనే నాట్యము చేసెడివాడట. ఆచార్యులు గంభీరముగా ఉండవలెనను నియమము పారిస్‌లో లేదు కాబోలు.

ఇంతలో చిక్కు వచ్చినది. ఫ్రీడ్రిఖ్ వోలర్ అను మరొక జర్మన్ యువకుడు, లీబిగ్ కంటె మూడేండ్లు పెద్దవాడు, స్టాక్‌హోమ్‌లో బెర్జీలియస్ వద్ద పనిచేసి, సిల్వర్ సయనేట్ అను లవణమును విశ్లేషించినాడు. అందులోను ఆ నాలుగు మూలకములే. సిల్వర్ ఆక్సైడు నూటికి 77.23 పాళ్ళు. కొలతలో రాదగిన అల్ప భేదమును విడిచినచో రెండును ఒకటే. కాని సిల్వర్ సయనేట్ సాధువైన తెల్లని పొడి. తాకిడికి పేలదు, వేడికి మెల్లగా విడిపోవును. ఫల్మినేటు పిడుగు. ఒకే ద్రవ్యములు, ఒకే పాళ్ళు, రెండు స్వభావములు. నాటి శాస్త్రము దీనిని ఒప్పుకొనలేదు. కూర్పు ఒకటైనచో వస్తువును ఒకటే కావలెనని అందరి విశ్వాసము.

లీబిగ్ స్వభావమున వేడి పాలు హెచ్చు. వోలర్ లెక్క తప్పని తలచినాడు. సయనేటును తానే చేసి విశ్లేషించినాడు. 71 పాళ్ళే వచ్చినవి. వోలర్ పొరబడినాడని అచ్చులో ప్రకటించినాడు. ఇది సామాన్యమైన అభాండము కాదు. విశ్లేషణ చేయురానివాడని ఒక యువ శాస్త్రవేత్తను లోకము ఎదుట నిలబెట్టుట. వోలర్ కోపగించుకొనలేదు. తన ప్రయోగమును మరల చేసినాడు, మరల అంతే వచ్చినది. లీబిగ్ విశ్లేషించిన నమూనా శుద్ధమైనది కాదని సూచించినాడు. అప్పుడు లీబిగ్ చేసిన పని వలననే ఆయన మా దృష్టిలో గొప్పవాడు. నమూనాను శుద్ధిచేసి తిరిగి విశ్లేషించినాడు. వోలర్ చెప్పినంతయు వచ్చినది. తప్పు తనదేనని అచ్చులోనే ఒప్పుకొన్నాడు. ఇద్దరును ఫ్రాంక్‌ఫర్టులో కలిసికొన్నారు. నాటినుండి మరణ పర్యంతము వారిది విడదీయరాని స్నేహము.

ఇద్దరి లెక్కలును సరియైనవే అయినప్పుడు తప్పు లెక్కలో లేదు, విశ్వాసములో ఉన్నది. మూలకములు ఒకటే అయినను వాటి అమరిక వేరు కావచ్చునని గే-లుసాక్ 1824లోనే సూచించినాడు. 1828లో వోలర్ అమ్మోనియం సయనేట్ నుండి యూరియాను పొందినప్పుడు ఇట్టి రెండవ జంట దొరికినది. బెర్జీలియస్ మొదట శంకించి, 1830లో ఈ సంగతికి ఐసోమెరిజమ్ అని నామకరణము చేసినాడు. మన పాఠ్యగ్రంథములు దీనినే అణుసాదృశ్యము అనుచున్నవి. గ్లూకోజు, ఫ్రక్టోజు మొదలు మన శరీరములోని వేలకొలది పదార్థముల భేదమును అర్థము చేసికొనుటకు ఆధారమైన ఈ భావము పిల్లలు నేలకు కొట్టి నవ్వుకొను టపాకాయ పొడినుండి పుట్టినది.

ఆ అమరిక ఏమిటో నేడు మనకు తెలియును. సయనేటులో కర్బనము నడుమ నిలిచి ఒక ప్రక్క నత్రజనిని, ఒక ప్రక్క ఆమ్లజనిని గట్టిగా పట్టుకొని ఉండును. ఫల్మినేటులో నత్రజని నడుమకు వచ్చినది. కర్బనము ఒక కొనకు, ఆమ్లజని మరొక కొనకు పోయినవి. నత్రజనికి ఆమ్లజనికి నడుమనున్న బంధము బలహీనము. అది తెగినచో ఆమ్లజని కర్బనముతో కూడును. నత్రజని పరమాణువులు రెండేసి జతపడును. నత్రజని అణువులోని త్రిబంధము మిక్కిలి దృఢమైన బంధములలో ఒకటి. అట్టి దృఢమైన అణువులు ఏర్పడునప్పుడు అపారమైన శక్తి వెలువడును, వెండి లోహముగా మిగిలిపోవును, వేడి వాయువులు ఒక్క క్షణములో వ్యాకోచించును. మనము పేలుడు అనునది దీనినే.

స్థిరత్వము అను మాటను విద్యార్థులు రెండర్థములలో కలగాపులగము చేయుట మేము చూచుచున్నాము. చెరువుకట్ట అంచున ఒక బండరాయి ఉన్నదనుకొందము. క్రిందికి దొర్లినచో దానికి అంతకన్న నెమ్మదియైన చోటున్నది. ఆ అర్థమున అది అస్థిరము. కాని అడ్డముగా చిన్న గట్టు ఉన్నంతవరకు ఏండ్ల తరబడి అక్కడనే ఉండును. ఆ అర్థమున స్థిరము. పేలుడు లవణములన్నియు అంచుమీది రాళ్ళే. భేదమంతయు గట్టు ఎత్తులో ఉన్నది. సిల్వర్ ఫల్మినేట్‌కు ఆ గట్టు ఎంత తక్కువనగా దానిని ఎక్కువ మొత్తమున ప్రోగుచేయుటయే ప్రాణాంతకము. పాదరసపు ఫల్మినేట్‌కు కొంచెము ఎక్కువ.

ఈ గట్టును నిర్ణయించుటలో లోహమునకును పాలున్నది. నత్రజని పరమాణువులు మూడు వరుసగా చేరిన అజైడు లవణములను చూచినచో ఇది విశదమగును. సోడియం అజైడ్ దెబ్బకు పేలునది కాదు. మోటారుకార్ల గాలిసంచులలో దానిని చాలకాలము వాడినారు. అదే అజైడు సీసముతోనో, వెండితోనో కూడినచో చిన్న తాకిడికే పేలును. సోడియం తన ఎలక్ట్రానును పూర్తిగా ఇచ్చివేసి దూరముగా నిలుచును. లవణపు రెండవ సగము ఒడిదుడుకులు లేక సమముగా ఉండును. వెండి, సీసము, పాదరసము అట్లు ఇచ్చివేయవు. ఒక కొనను పట్టుకొని తమవైపు లాగుచుండును. ఆ లాగుటలో మిగిలిన బంధము నీరసపడునని ఒక ప్రధాన కారణముగా చెప్పుదురు. అప్పిచ్చి మరచినవానికి, ఇచ్చియు ప్రతిదినము గుమ్మములో నిలుచువానికి ఉన్నంత భేదము!

లీబిగ్ జీవితమునకు తిరిగి వత్తము. 1824 మే నెలలో, ఇరువదియొక్క ఏండ్ల వయస్సున, హంబోల్ట్ సిఫారసుతో ఆయన గీసెన్ విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడుగా వచ్చినాడు. అక్కడి పెద్దల అభిప్రాయము అడుగకయే ప్రభువు నియమించినందున వారు సంతోషింపలేదు. విడిచిపెట్టిన సైనికుల బారకాసులలోని కాపలా భవనమును ప్రయోగశాలగా ఇచ్చినారు. ఆ చిన్న చోటనే ప్రపంచపు రసాయనశాస్త్ర విద్య మారిపోయినది. అంతవరకు ఆచార్యుడు ప్రయోగము చేయుట, శిష్యులు దూరమునుండి చూచుట ఆచారము. లీబిగ్ ప్రతి విద్యార్థి చేతికి పని ఇచ్చినాడు. కర్బనమును కొలుచుటకు 1831లో ఆయన అయిదు గాజుబుడ్ల చిన్న పరికరమును కల్పించినాడు. అంతకుముందు మహానిపుణులకే సాధ్యమైన విశ్లేషణ ఆ పరికరముతో సామాన్య విద్యార్థికి సాధ్యమైనది. అమెరికన్ కెమికల్ సొసైటీ చిహ్నములో ఆ బుడ్లు నేటికిని కనిపించును. హోఫ్‌మన్, కెకూలే, ఫ్రెసీనియస్, వుర్ట్జ్ ఆ బారకాసుల గదులలో పనిచేసిన వారే. నేడు మన విద్యార్థులు తెల్లకోటు తొడుగుకొని తమ చేతితో చేయు ప్రతి ప్రయోగమునకు మూలము గీసెన్‌లో ఉన్నది.

1832లో వోలర్ భార్య మరణించినది. దుఃఖమున క్రుంగిన మిత్రుని లీబిగ్ గీసెన్‌కు పిలిపించుకొని, ఓదార్పు మాటలకు బదులు చేదు బాదము నూనెను విశ్లేషించు పని ముందుంచినాడు. ఆ పనినుండియే బెంజాయిల్ సమూహము బయటపడినది. కర్బన రసాయనశాస్త్రమున సమూహము అను భావమునకు అది పునాది. ఏ లవణము విషయమున పోట్లాడుకొన్నారో ఆ లవణమే వీరిని ఇంత దగ్గరచేసినది.

ఆయన దోషములు లేనివాడు కాడు. కలహప్రియుడు. తనను మెచ్చిన బెర్జీలియస్‌తోనే తుదకు చెడినాడు. పులియుటకు కారణము జీవులేనని పాశ్చర్ చెప్పినప్పుడు ఒప్పుకొనక తప్పుత్రోవ పట్టినాడు. ఒక ఉప్పునీటి బావినుండి వచ్చిన ఎర్రని ద్రవమును చూచి, అయోడిన్ క్లోరైడ్ అని చీటీ అంటించి బీరువాలో పెట్టినాడు. 1826లో బలార్ దానినే బ్రోమిన్ అను కొత్త మూలకముగా ప్రకటించినాడు. లీబిగ్ ఆ సీసాను పారవేయక, తన పొరపాట్ల బీరువాలో పెట్టి వచ్చినవారికి చూపెడివాడట. పదమూడేండ్ల వయస్సున 1816 నాటి కరవును చూచినవాడు గనుక పంటల పోషణపై మనస్సు పెట్టి, 1840 నాటి గ్రంథమున మొక్కలు నేలనుండి ఖనిజ లవణములను తీసికొనునని వాదించినాడు. ఆయన చేయించిన కృత్రిమ ఎరువు మాత్రము విఫలమైనది. వర్షమునకు కొట్టుకొనిపోకుండవలెనని దానిని నీట కరుగని విధముగా చేయించినాడు, కరుగనిది మొక్కకు అందలేదు. ఇది వేరొక వ్యాసమునకు తగిన విషయము.

1852లో బవేరియా రాజు ఆహ్వానముపై మ్యూనిక్ నగరమునకు వెళ్ళినాడు. మరుసటి యేడు రాజకుటుంబము ఎదుట ఉపన్యసించుచు చేసిన ప్రయోగమున గాజుకూజా పగిలి, ముందువరుసలోని వారిలో కొందరికి పెంకులు తగిలి స్వల్పగాయములైనవి, లీబిగ్‌కును తగిలినవి. అది లోహ లవణము కాదు, వాయువుతో కార్బన్ డైసల్ఫైడు ఆవిరి కలిసినప్పటి మంట. పిడుగు లవణముతో బాల్యమునుండి చెలగాటమాడి తప్పించుకొన్నవానికి, ఏబదేండ్ల ప్రాయమున, నిరపాయమనుకొన్న ప్రదర్శనములో ప్రమాదము వచ్చినది. ప్రయోగశాలలో అజాగ్రత్త తరచుగా మనకు భయములేని చోటనే జరుగును.

మ్యూనిక్‌లోనే ఆయన వెండి అద్దము పనిని పూర్తిచేసినాడు. ఆ కాలమున అద్దములకు తగరము, పాదరసము కలిపిన పూత పూసెడివారు. ఫ్యూర్త్ పట్టణములోని అద్దపు పనివారు పాదరసపు ఆవిరి పీల్చి, చేతులు వణకి, పండ్లు ఊడి, ఆయుస్సు తీరకయే పోయెడివారు. 1850 దశకమున లీబిగ్ గాజుపై వెండిని సన్నని పొరగా దించు పద్ధతిని చక్కబరచినాడు. దూరదర్శినుల గాజు దర్పణములకు వెండి పూత పూయుట ఆ రోజులలోనే మొదలైనది. అద్దముల కర్మాగారము మాత్రము ఆయన తలచినట్లు లాభించలేదు. జనులు పాత అద్దమునకే అలవాటుపడి ఉన్నారు. పాదరసమును పీల్చువాడు ఒకడు, అద్దమును చూచుకొనువాడు మరొకడు.

పేలుడు లవణముల త్రోవ వేరైనది. పాదరసపు ఫల్మినేట్‌ను తుపాకుల టోపీలలో పెట్టినారు. 1857లో మన దేశమున కలకలము రేపిన ఎన్‌ఫీల్డ్ తుపాకికి అట్టి టోపీయే నిప్పు అందించెడిది. తూటాకు పూసిన కొవ్వును గూర్చి అందరును చదివినారు, టోపీలోని చిటికెడు లవణమును గూర్చి చదివినవారు తక్కువ. 1860 దశకమున నోబెల్ నైట్రోగ్లిసరిన్‌ను పేల్చుటకు దానినే వాడినాడు. ఇరువదవ శతాబ్దమున లెడ్ అజైడ్ ఆ స్థానమును ఆక్రమించినది. సిల్వర్ ఫల్మినేట్ మాత్రము తన పుట్టింటనే ఉండిపోయినది. పండుగ దినములలో పిల్లలు నేలకు విసరగా టప్పుమను చిన్న కాగితపు పొట్లములలో, ఇసుకరేణువులకు అంటి, మిల్లిగ్రాములో పదవ వంతుకన్న తక్కువగా నేటికిని అది ఉన్నది.

లీబిగ్ 1873 ఏప్రిల్ 18న మ్యూనిక్‌లో మరణించినాడు. వోలర్ తొమ్మిదేండ్లు ఆయన తరువాత జీవించినాడు. ఇద్దరి ఉత్తరములను శిష్యుడు హోఫ్‌మన్ 1888లో ప్రకటించినాడు. పేలుడు వెండిలోని పరమాణువుల అమరిక లీబిగ్‌కు తన జీవితకాలమున తెలియలేదు. ఆయన శిష్యుడు కెకూలే అందు రెండు కర్బనములు కలిసి ఉన్నవని ఊహించి పొరబడినాడు. ఒక్కటే కర్బనమని 1890 దశకమున నెఫ్ చూపినాడు. 1965లో బ్రిటన్, డునిట్జ్ అను శాస్త్రజ్ఞులు ఎక్స్ కిరణములతో సిల్వర్ ఫల్మినేట్ స్ఫటికమును పరిశీలించి, వెండి కర్బనమునే పట్టుకొని ఉన్నదని తేల్చినారు. పాదరసపు ఫల్మినేట్ స్ఫటికము మరి నలుబదేండ్లకు పైగా లొంగలేదు. దాని అమరిక 2007లో వెల్లడియైనది. ఆ పని చేసినవారు లీబిగ్ తన చివరి ఇరువదియొక్క సంవత్సరములు పాఠము చెప్పిన మ్యూనిక్ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్రజ్ఞులు.